రెండు కవర్లు ఒకటి చేయండి: నెలసరి ఆగాక ఎముకలనూ గుండెనూ కలిపి చూసుకోవడం ఎలా

మా పిన్ని బీరువాలో రెండు ప్లాస్టిక్ కవర్లు ఉండేవి. ఒకదానిలో మణికట్టు విరిగినప్పటి ఎక్స్‌రేలు, కాల్షియం మాత్రల చీటీలు. రెండోదానిలో బీపీ చీటీలు, తరువాతి రోజుల్లో గుండెకు స్టెంట్ వేసినప్పటి కాగితాలు. మొదటి కవరు పట్టుకుని ఎముకల డాక్టరు దగ్గరికి, రెండోది పట్టుకుని గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళేది. ఇద్దరూ విజయవాడ సూర్యారావుపేటలోనే, ఒకరి దగ్గరి నుంచి ఇంకొకరి దగ్గరికి నడిచిపోయేంత దూరంలోనే ఉండేవారు. ఆ రెండు కవర్లు మాత్రం ఎన్నడూ ఒకే బల్ల మీదికి రాలేదు. 54 ఏళ్ళ వయసులో స్నానాల గదిలో జారి మణికట్టు విరిగితే పిండికట్టు వేసి ఇంటికి పంపారు. అంత చిన్న జారుడుకే ఎముక ఎందుకు విరిగిందని ఎవరూ అడగలేదు. మాకూ తోచలేదు. మరో మూడేళ్ళకు గుండెపోటు వచ్చింది.

ఆనాడే జాగ్రత్తపడితే గుండెపోటు తప్పేదని నేను అనను. అయితే మూడేళ్ళ ముందే ఆమె కొలెస్ట్రాల్, చక్కెర చూపించి ఉండేవాళ్ళం. ఊరగాయ జాడీ మీద కొంచెం అదుపు పెట్టి ఉండేవాళ్ళం. ఆ మూడేళ్ళు చేజారాయన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. నెలసరి ఆగిన, ఆగబోతున్న ఆడవాళ్ళు, వాళ్ళను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళే పిల్లలు వరసగా ఏం చేయాలో అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఎముకకూ గుండెకూ సంబంధం ఏమిటి

ఎముక రాయిలా కదలకుండా ఉండేది కాదు. రోజూ కొంత కరుగుతుంది, కొంత కొత్తగా కట్టుకుంటుంది. కరిగించే కణాలకు పగ్గం వేసి ఉంచేది అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్. నెలసరి ఆగడంతో ఆ పగ్గం వదులవుతుంది. మొదటి ఐదు నుంచి ఏడేళ్ళలోనే కొందరు ఎముక సాంద్రతలో 20 శాతం దాకా పోగొట్టుకుంటారు. రక్తనాళాల లోపలి పొరను మెత్తగా, సాగేలా ఉంచేదీ ఆ ఈస్ట్రోజెనే. అది తగ్గిన రోజుల్లోనే చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది, నాళాలు బిరుసెక్కుతాయి. బిరుసెక్కిన నాళం గోడలోని కండర కణాలు కొన్ని ఎముకను కట్టే కణాల్లా మారిపోయి, ఎముకలో ఉండే ఖనిజాన్నే అక్కడ పేర్చడం మొదలుపెడతాయి. గట్టిగా ఉండవలసిన చోట గుల్ల, మెత్తగా ఉండవలసిన చోట గట్టి సున్నం. ఏటా వేసవిలో మన బందరు కాలువ, ఏలూరు కాలువల్లో పూడిక తీయడం చూసినవాళ్ళకు నీటి దారి ఇరుకైతే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో 25 ఏళ్ళపాటు కొందరిని పరిశీలించి 2001లో ఫలితాలు ప్రచురించారు. ఎముక ఎక్కువగా కోల్పోయిన ఆడవాళ్ళకే పొట్టలోని పెద్ద రక్తనాళంలో సున్నం ఎక్కువగా పేరుకుంది. 50 నుంచి 80 ఏళ్ళ మధ్య వయసున్న 12,000 మందికి పైగా కొరియా మహిళలను పరిశీలించిన అధ్యయనం 2021లో వచ్చింది. ఎముక సాంద్రత తక్కువగా ఉన్నవాళ్ళకు గుండెపోటు, పక్షవాతం ముప్పు ఎక్కువని అదీ తేల్చింది. ఎముక గుల్లబారడమే గుండెజబ్బుకు కారణమని దీని అర్థం కాదు. ఎముకల మందు వాడితే గుండెపోటు రాదనీ కాదు. ఒకచోట తేడా కనబడితే రెండోచోట కూడా వెతకాలని, అంతే.

మొదటి పని: ఈస్ట్రోజెన్ ఏ వయసులో ఆగిందో కనుక్కోండి

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. మన ప్రాంతంలో దీన్ని పట్టించుకునేవాళ్ళు తక్కువ కాబట్టి కొంచెం విడమరచి చెబుతాను.

వరసగా 12 నెలలు నెలసరి రాకపోతే అది ఆగినట్టు లెక్క. మన దేశంలో సగటున 46, 47 ఏళ్ళకే ఆగుతుంది. కానీ మీకు గర్భసంచి తీసేసి ఉంటే ఈ లెక్క మీకు వర్తించదు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం, మన ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. ఏ రాష్ట్రంలోనూ ఇంతమంది లేరు. గుంటూరు, కృష్ణా జిల్లాల పల్లెల్లో ముప్పై ఐదేళ్ళకే ఈ ఆపరేషన్ అయిన ఆడమనిషి లేని వీధి అరుదు. "పిల్లలు పుట్టేశారు కదా, ఇక దానితో పనేముంది" అన్న మాట నేను ఎన్ని ఇళ్ళలో విన్నానో చెప్పలేను.

గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేసి ఉంటే, ఈస్ట్రోజెన్ ఆగిపోయింది ఆ ఆపరేషన్ రోజునే. 36 ఏళ్ళకు ఆపరేషన్ అయి, ఇప్పుడు 48 ఏళ్ళున్న మనిషి ఎముకలు, నాళాలు అప్పటికే 12 ఏళ్ళుగా ఆ అండ లేకుండా గడిపాయి. అండాశయాలు ఉంచినా, ఈ ఆపరేషన్ తరువాత అవి కొన్నేళ్ళు ముందుగానే పనిచేయడం మానే అవకాశం ఉంది.

కాబట్టి పాత డిశ్చార్జి కాగితం వెతకండి. అందులో "ఊఫరెక్టమీ" అన్న మాట గానీ, "బీఎస్ఓ" అన్న మూడు అక్షరాలు గానీ ఉన్నాయేమో మీ పిల్లలతో చదివించండి. ఊఫరెక్టమీ అంటే అండాశయం తీసేయడం. బీఎస్ఓ అని ఉంటే రెండు అండాశయాలూ తీసేశారని అర్థం. కాగితం దొరకకపోతే పొట్ట స్కానింగ్‌లో తెలియవచ్చు. ఆ సంవత్సరాన్ని ఒక తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి కవరులో అన్నిటికన్నా పైన పెట్టండి. మీరు వెళ్ళే ప్రతి డాక్టరుకూ చూపించవలసిన మొదటి కాగితం అదే.

మీకు 45 లోపే అండాశయాలు పోయి, ఇంకా 50 రాకపోతే గైనకాలజిస్టును ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: "సహజంగా నెలసరి ఆగే వయసు వచ్చేదాకా నాకు హార్మోన్ మాత్రలు ఇవ్వవచ్చా?" రొమ్ము క్యాన్సర్, నాళాల్లో రక్తం గడ్డకట్టడం వంటివి గతంలో ఉంటే ఇవ్వరు. అవేవీ లేనివాళ్ళకు ఎముకకూ గుండెకూ రెండింటికీ మేలు జరగవచ్చు. అరవై దాటాక కొత్తగా మొదలుపెట్టడం వేరే సంగతి, అప్పుడు గుండెకు మేలు కన్నా ముప్పే ఎక్కువ కావచ్చు.

రెండో పని: గోడకు ఆనుకుని ఎత్తు కొలుచుకోండి

చెప్పులు విడిచి, మడమలు, వీపు గోడకు ఆనించి నిలబడి, తలమీద పుస్తకం అడ్డంగా పెట్టించి గోడ మీద గీత గీయించండి. టేపుతో కొలిచి తేదీ వేయండి. పడుచు వయసులోని ఎత్తు కన్నా 4 సెంటీమీటర్లు, ఆపైన తగ్గి ఉంటే వెన్నుపూసలు లోలోపల నలిగి ఉండవచ్చు. వెన్నుపూస విరిగినా చాలామందికి విరిగినట్టే తెలియదు, వయసు మీద పడి నడుం నొప్పి వచ్చిందనుకుంటారు. ఎప్పుడూ కట్టే చీరే ముందువైపు నేలకు రాసుకుంటున్నా, పాత జాకెట్టు వీపు దగ్గర బిగుసుకుంటున్నా ఈ కొలత వెంటనే చూసుకోండి.

మూడో పని: పరీక్షలన్నీ ఒకే వారంలో

ఎముకకు డెక్సా స్కాన్, అంటే ఎముక సాంద్రతను కొలిచే పరీక్ష. బల్ల మీద పది, పదిహేను నిమిషాలు పడుకుంటే చాలు, సూది గుచ్చరు, రేడియేషన్ చాలా స్వల్పం. విజయవాడ సూర్యారావుపేట, గుంటూరు కొత్తపేటల్లో ఎన్నో పరీక్షా కేంద్రాలున్నాయి, ముందు ఫోను చేసి తుంటికీ నడుముకూ రెండింటికీ తీస్తారా అని అడగండి. ఆ రోజు కాల్షియం మాత్ర వేసుకోవద్దు. ఉచిత శిబిరాల్లో మడమకు చేసే పరీక్షతో సరిపెట్టుకోవద్దు. అది ఒక హెచ్చరికగా పనికొస్తుంది గానీ జబ్బును నిర్ధారించడానికి చాలదు.

రిపోర్టులో టీ స్కోరు అని ఉంటుంది. మైనస్ 1, అంతకన్నా పైన ఉంటే మామూలే. మైనస్ 1కీ మైనస్ 2.5కీ మధ్య ఉంటే ఎముక పలచబడుతోంది. మైనస్ 2.5 గానీ అంతకన్నా కిందికి గానీ ఉంటే గుల్లబారింది. ఇక్కడొక మెలిక ఉంది. నడుము దగ్గర పెద్ద రక్తనాళంలో సున్నం పేరుకున్నా, వెన్ను అరిగి పక్కలకు ఎముక పెరిగినా స్కోరు ఉన్నదానికన్నా బాగా కనిపిస్తుంది. అందుకే పెద్ద వయసువాళ్ళలో తుంటి అంకెను ఎక్కువగా నమ్మాలి.

అందరికీ 65 ఏళ్ళకు ఈ స్కాన్ చేయించమంటారు. కానీ 45 లోపే నెలసరి ఆగినవాళ్ళు, చిన్న జారుడుకే ఎముక విరిగినవాళ్ళు, నెలల తరబడి స్టెరాయిడ్లు వాడినవాళ్ళు, బాగా సన్నగా ఉన్నవాళ్ళు, తల్లికో తండ్రికో తుంటి విరిగినవాళ్ళు అంతదాకా ఆగవద్దు.

గుండె వైపు బీపీ, పరగడుపున చక్కెర, మూడు నెలల సగటు చక్కెర, కొలెస్ట్రాల్ వివరాలన్నీ, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్. వీటితోపాటే థైరాయిడ్, విటమిన్ డి. ఈసీజీ, ఇతర పరీక్షల సంగతి ఈ ఫలితాలు చూసి డాక్టరు చెబుతారు.

రక్తంలో కాల్షియం మామూలుగా ఉందని వస్తే ఎముకలు గట్టిగా ఉన్నాయని నిశ్చింతగా కూర్చోవద్దు. ఒంట్లోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లో, పళ్ళలో ఉంటుంది. రక్తంలో తగ్గితే ఒళ్ళు ఎముకలోంచి తీసి సర్దుకుంటుంది. ఖజానా ఖాళీ అవుతున్నా గల్లాపెట్టె నిండుగానే కనిపిస్తుంది.

ఇంకొక పని. నడుం నొప్పికని ఎప్పుడో తీయించిన ఎక్స్‌రే రిపోర్టు ఉంటే బయటికి తీయండి. చివరి వరసలో "అయోర్టిక్ కాల్సిఫికేషన్" అని రాసి ఉండవచ్చు. పెద్ద రక్తనాళంలో సున్నం కనబడిందని దాని అర్థం. ఎముకల కోసం తీసిన ఎక్స్‌రే కదా అని ఆ వరసను చాలామంది వదిలేస్తారు. దాన్ని గుండె డాక్టరుకు చూపించాలి.

నాలుగో పని: వంటింట్లో లెక్క వేయండి

నెలసరి ఆగిన ఆడవాళ్ళకు రోజుకు 1,200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. అందులో ఎంత వీలైతే అంత తిండి నుంచే రావాలి. లెక్క ఇలా వేసుకోండి. పాలు, పెరుగు కలిపి రెండు గ్లాసులు, అంటే 400 మిల్లీలీటర్లు తీసుకుంటే సుమారు 480. గుప్పెడు రాగిపిండితో, అంటే 50 గ్రాములతో జావ కాచుకుంటే 180. ఒక పెద్ద చెంచా నువ్వులకు 120 దాకా. మునగాకు వంటి ఆకుకూర 100 గ్రాములు వండుకుంటే 300. పప్పు, కూరలు, మిగతావాటి నుంచి ఇంకో వంద. పాలకూర, తోటకూరల్లోని ఆక్సలేట్లు కాల్షియంను వదలవు కాబట్టి ఆకుకూర ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. చేపలు తినేవాళ్ళు నెత్తళ్ళలాంటి చిన్న చేపలను ముల్లుతో సహా నమిలి తింటే మంచిదే. ఎండు నెత్తళ్ళయితే ఉప్పు పోయేలా రెండు మూడు నీళ్ళలో కడగాలి.

"నేను రోజూ మజ్జిగ తాగుతాను కదా" అంటారు మన అమ్మలు. ఒక కప్పు పెరుగులో మూడు కప్పుల నీళ్ళు పోసి చిలికితే గ్లాసు మజ్జిగలో మిగిలేది పావు వంతు కాల్షియమే. గట్టి పెరుగు పిల్లలకూ ఆయనకూ వడ్డించి, అడుగున మిగిలినదానిలో నీళ్ళు పోసుకోవడం మన ఇళ్ళలో తరాలుగా సాగుతోంది. అది మానండి. ఆ ఇంట్లో పెరుగు అవసరం అందరికన్నా ఎక్కువ ఉన్నది మీకే.

ఆడపిల్ల పెద్దమనిషి అయితే నువ్వులూ బెల్లమూ దంచి చిమ్మిలి పెడతాం. నెలసరి మొదలైనప్పుడు అంత శ్రద్ధ చూపే మనం, అది ఆగినప్పుడు ఆ మనిషికి ఏమీ పెట్టం. చక్కెర జబ్బు ఉంటే బెల్లం వద్దు, నువ్వుల పొడి చేసుకుని కూరల్లో చల్లుకోండి.

ఇక ఉప్పు. ఎముకకూ గుండెకూ ఒక్కసారే నష్టం చేసేది మన వంటింట్లో ఇదే. బీపీ పెంచుతుందని అందరికీ తెలుసు. మూత్రంలో కాల్షియంను బయటికి తోసేస్తుందని చాలామందికి తెలియదు. ఇంచుమించు 6 గ్రాముల ఉప్పు బయటికి పోతూ 40 మిల్లీగ్రాముల కాల్షియంను వెంట తీసుకుపోతుంది. రోజు మొత్తానికి ఒక టీ చెంచా, అంటే 5 గ్రాములు మించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పప్పులో, కూరలో వేసినదానితోనే ఆ చెంచా దాదాపు నిండుతుంది. దాని మీద ఆవకాయ, గోంగూర పచ్చడి, అప్పడం, ఊరమిరపకాయ. గుంటూరు ఇంట్లో పుట్టినదాన్ని, పచ్చడి మానేయమని చెప్పడానికి నాకు నోరు రాదు. రోజుకు ఒక పూట, ఒకే పచ్చడి, వేలికొస మీద పట్టేంత. పచ్చడి వేసుకున్న పూట అప్పడం వద్దు. అప్పటికప్పుడు నూరుకునే రోటి పచ్చడిలో ఉప్పు తగ్గించడం మీ చేతిలో పని కాబట్టి ఊరగాయ స్థానంలో దాన్ని తెచ్చుకోండి.

ఐదో పని: మాత్రల డబ్బా బోర్లించండి

ఉన్న మాత్రలన్నీ బల్ల మీద పరచి ఒక్కొక్కటీ చూడండి.

కాల్షియం మాత్ర తిండిలో తగ్గినంత మేరకే వేసుకోవాలి. ఒకేసారి 500 మిల్లీగ్రాములు మించితే ఒంటికి పట్టడం తగ్గుతుంది. కార్బొనేట్ రకాన్ని భోజనంతో, సిట్రేట్ రకాన్ని ఎప్పుడైనా వేసుకోవచ్చు. ఈ మాత్రలతో గుండెపోటు ముప్పు పెరుగుతుందని 2010లో ఒక పరిశీలన చెప్పింది, తిండీ మాత్రలూ కలిపి పరిమితి దాటకపోతే భయం లేదని 2016లో అమెరికా నిపుణులు తేల్చారు. పక్కింటివాళ్ళు వేసుకుంటున్నారని వేసుకోవద్దు, భయపడి డాక్టరు రాసినదాన్ని మానవద్దు.

థైరాయిడ్ మాత్రకూ కాల్షియంకూ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. థైరాయిడ్ మోతాదు అవసరానికి మించితే ఎముక కరుగుతుంది, గుండె లయ కూడా తప్పుతుంది. ఏళ్ళ తరబడి ఒకే మోతాదు వేసుకుంటున్నవాళ్ళు పరీక్ష మళ్ళీ చేయించుకోండి.

మోకాళ్ళ నొప్పులకని ఊళ్ళో వేయించుకునే ఇంజెక్షన్లలో, పేరు చెప్పకుండా కట్టి ఇచ్చే పొట్లాల్లో స్టెరాయిడ్లు ఉండవచ్చు. అవి ఎముకను తినేస్తాయి, చక్కెరనూ బీపీనీ పెంచుతాయి. నొప్పి మాత్రలు రోజూ మింగినా బీపీ పెరుగుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఏ మందో పేరు రాసి ఇవ్వని చోట మందు తీసుకోవద్దు.

విటమిన్ డి 60,000 యూనిట్ల పొడి వారానికొకటి రాస్తారు. ఎన్ని వారాలు రాస్తే అన్నే. ఆ తరువాత కూడా సొంతంగా కొనసాగిస్తే రక్తంలో కాల్షియం హద్దు మీరవచ్చు.

ఆరో పని: ఎండ, నడక, బరువు

ఎండ ఎప్పుడు పనికొస్తుందో గడియారం కన్నా మీ నీడ బాగా చెబుతుంది. నీడ మీకన్నా పొట్టిగా ఉన్నప్పుడే చర్మం విటమిన్ డి బాగా తయారుచేస్తుంది. డిసెంబరులో మన దగ్గర అది పదిన్నరకూ ఒంటిగంటన్నరకూ మధ్య. మే నెలలో తొమ్మిదికే నీడ పొట్టిబడుతుంది కాబట్టి కాసేపు నిలబడి లోపలికి వచ్చేయండి. బెజవాడ ఎండలో మిట్టమధ్యాహ్నం నిలబడటం ప్రమాదం.

తెల్లవారుజామున పార్కులో నడక గుండెకు మంచిది, వారానికి 150 నిమిషాలు నడవండి. ఎముక గట్టిపడటానికి అది ఒక్కటే చాలదు, దాని మీద బరువు పడాలి. కుర్చీలోంచి చేతులు ఆనకుండా పదిసార్లు లేచి కూర్చోండి. వంటగట్టు పట్టుకుని మడమలు పైకెత్తి దించండి. లీటరు నీళ్ళ సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని ఎత్తండి. వారానికి రెండు మూడు రోజులు చాలు. మెట్లెక్కితే ఛాతీ బిగుసుకున్నా, ఇంతకుముందు లేని ఆయాసం వచ్చినా ముందు గుండె పరీక్ష, తరువాతే వ్యాయామం.

ఎముక గుల్లబారిందని తేలినవాళ్ళు ముందుకు వంగి కాలి వేళ్ళు ముట్టుకునే ఆసనాలు వేయకూడదు. వంగి గ్యాస్ సిలిండరు కదపడం, నిండు బకెట్ ఎత్తడం కూడా అంతే. వెన్నుపూస ఒక్క వంపులోనే నలిగిపోగలదు.

ఏడో పని: పడకుండా చూసుకోండి

స్నానాల గదిలో గోడకు పట్టుకునే కడ్డీ, నేల మీద జారని పట్టా, మంచం నుంచి మరుగుదొడ్డి దాకా రాత్రంతా చిన్న లైటు. బీపీ మాత్రలు వేసుకునేవాళ్ళు మంచం మీద ఒక నిమిషం కూర్చుని, ఆ తరువాతే నిలబడాలి.

ఎనిమిదో పని: రెండు కవర్లూ ఒకే బల్ల మీద

ఎముకల డాక్టరు మందు రాసేముందు మీకు గుండె జబ్బు, పక్షవాతం, కాలి నరాల్లో రక్తం గడ్డకట్టడం ఎప్పుడైనా ఉంటే ఆయన అడగకపోయినా చెప్పండి. రోమోసోజుమాబ్ అనే ఇంజెక్షన్‌ను గుండెపోటు గానీ పక్షవాతం గానీ వచ్చిన ఏడాది లోపు ఇవ్వకూడదు. రాలాక్సిఫిన్ మాత్ర రక్తం గడ్డకట్టే ముప్పును పెంచుతుంది. అలెండ్రోనేట్ అయితే వారానికొకటి, పరగడుపున, గ్లాసు నిండా మంచినీళ్ళతో వేసుకుని అరగంట నిటారుగా కూర్చోవాలి లేదా తిరగాలి, పడుకోకూడదు. ఆరు నెలలకొకసారి ఇచ్చే డెనోసుమాబ్ ఇంజెక్షన్‌ను మీ అంతట మీరు ఆపకండి, ఆపితే వెన్నుపూసలు విరిగే ముప్పు ఒక్కసారిగా పెరుగుతుంది.

గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు డెక్సా రిపోర్టు పైన పెట్టి అడగండి: "నా ఎముకలు గుల్లబారాయి, నెలసరి ఇన్నేళ్ళ క్రితం ఆగింది. వీటిని కూడా కలుపుకుంటే నా గుండెకు ముప్పు ఎంత? కొలెస్ట్రాల్ మందు అవసరమా?" రక్తం పలచబడే మాత్ర వాడుతున్నవాళ్ళు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచే ముందు ఆయనకు చెప్పాలి.

ఇంట్లోవాళ్ళందరూ తెలుసుకోవలసింది

ఆడవాళ్ళకు గుండెపోటు వస్తే ఛాతీ పట్టుకుని కూలబడతారని ఎదురుచూడకండి. ఛాతీ నొప్పి ఉండవచ్చు, లేకపోనూవచ్చు. దవడ లాగడం, వీపు మధ్య బరువు, వాంతి వచ్చేట్టు ఉండటం, చల్లటి చెమటలు, ఎన్నడూ లేని నీరసం, ఊపిరి అందకపోవడం కనబడతాయి. మా పిన్ని ఆ రాత్రి గ్యాస్ అనుకుని వాము నీళ్ళు తాగి పడుకుంది. తెల్లవారాక, అందరికీ కాఫీ పెట్టిచ్చిన తరువాత మాతో చెప్పింది. ఈ గుర్తులు పది నిమిషాలు దాటినా తగ్గకపోతే వాము, సోడా జోలికి పోకుండా 108కి ఫోను చేయండి. మెట్లు దిగి నడిచి వెళ్ళనివ్వకండి. ఆ కవరు వెంట తీసుకెళ్ళండి.